‘మావాడే’ అనాలి

జూన్ 3, మంగళవారం

మనవరాలు రాత్రి భోజనాల దగ్గర అన్న మాట తప్పు. "నానమ్మని స్టేషన్ కమిటీలో వేసింది ఆవిడ మీద గౌరవంతో" అంది. అప్పుడు దిద్దలేదు, పిల్ల ఆకలి మీద ఉంది. ఇక్కడ దిద్దుతున్నాను. తప్పు కనబడితే దిద్దకుండా వదిలే అలవాటు హెడ్‌మిస్ట్రెస్ ఉద్యోగంలోనే పోయింది.

గౌరవం కాదు. మా ఆయన పోయాక కమిటీలో ఆయన కుర్చీ కోసం పై అంతస్తు కాంట్రాక్టరూ, మూలింటి ప్లీడరూ జుట్లు పట్టుకునే దాకా వచ్చారు. ప్లీడరుకి జుట్టు లేదు కాబట్టి అంతదాకా రాలేదు. ఇద్దరిలో ఎవరికిచ్చినా రెండోవాడు ఊరుకోడని మధ్యలో ముసలమ్మని కూర్చోబెట్టారు. నన్ను ఎన్నుకోలేదు, అడ్డం పెట్టారు.

పోలీసు స్టేషన్‌లో గోడవారగా మూడు కుర్చీలు. ఒకటి మనవాళ్లకి, ఒకటి ఏటవతలివాళ్లకి, ఒకటి కొండవైపువాళ్లకి. ఏటవతలివాళ్లలో ఇప్పుడున్నవాళ్లెవరూ ఏటవతల పుట్టలేదు, తాతలు వచ్చారు. కొండవైపువాళ్లలో ఒక్కరు కూడా కొండెక్కి ఎరగరు. మనవాళ్లంటే ఎవరో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలీదు గాని కాంట్రాక్టరుకి బాగా తెలుసు.

ఇన్‌స్పెక్టరుకి మన భాష తప్ప మిగతా రెండూ రావు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఎవరినైనా పట్టుకొస్తే ఆ మనిషి తాలూకు పెద్దకి కబురు వెళుతుంది. పెద్ద వచ్చి కుర్చీలో కూర్చుని, టీ తాగి, "మావాడే" అంటే వదిలేస్తారు. "మావాడు కాడు" అంటే లోపల వేస్తారు. ఆ మనిషి నేరం చేశాడా లేదా అన్న ప్రశ్న ఈ పద్ధతిలో ఎక్కడా రాదు. బోలెడు టైము కలిసొస్తుంది.

నేను "మావాడే" అని విడిపించినవాళ్లలో ఇద్దరు నిఖార్సైన దొంగలు. ఏం చేస్తాం, మనవాళ్లే.

బీరువా తాళం పట్టేసింది. మంచి చీరలన్నీ లోపలే ఉండిపోయాయి. తాళాలాయన రేపు పొద్దున్నే వస్తానన్నాడు.

జూన్ 4, బుధవారం

తాళాలాయన రాలేదు.

జూన్ 5, గురువారం

రాకపోవడానికి కారణం తెలిసింది. లోపల ఉన్నాడు. బీరువా లోపల కాదు.

మంగళవారం మధ్యాహ్నం కాంట్రాక్టరు ఇంటిల్లిపాదీ పెళ్లికి వెళ్లారు. తిరిగొచ్చేసరికి వెండి సామానూ, టీవీ, ఆయనగారి వాచీ లేవు. తలుపు పగలలేదు, తాళం విరగలేదు. తాళం విరక్కుండా తెరవగలిగినవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే కాబట్టి నిన్న తెల్లారగానే అతన్ని తీసుకుపోయారు. ఈ లెక్కన ఎవరైనా జ్వరంతో పోతే డాక్టరుని అరెస్టు చేయాలి.

పద్ధతి ప్రకారం కబుర్లు వెళ్లాయి. తాళాలాయన పుట్టింది ఏటవతలివాళ్లలో, చేసుకున్నది కొండవైపు అమ్మాయిని. ఇద్దరూ ఒకరోజు రిజిస్ట్రారు దగ్గర సంతకాలు చేసొచ్చి, మర్నాటి నుంచి వేరే వీధిలో ఒక మేడ మెట్ల కింద ఒకే గదిలో అతను తాళాలూ ఆమె కుట్టుమిషనూ పెట్టుకున్నారు. రెండు వైపులవాళ్లూ ఆనాటి నుంచి వాళ్ల గుమ్మం తొక్కలేదు. బట్టలు మాత్రం అక్కడే కుట్టించుకుంటారు, కుదురుగా కుడుతుందని.

ఏటవతలివాళ్ల పెద్ద కట్టెల అడితాయన. వచ్చి, "ఆ పెళ్లితోనే మావాడు కాకుండా పోయాడు" అన్నాడట. కొండవైపువాళ్ల పెద్ద బేకరీ ఆయన. "అల్లుడని మేం ఎప్పుడూ ఒప్పుకోలేదు, మావాడెలా అవుతాడు?" అన్నాడట. టీ మాత్రం ఇద్దరూ తాగారు.

ఇదంతా మనవరాలు చేతులు కడుక్కుంటూ చెప్పింది. అదే స్టేషన్‌లో కానిస్టేబులు కదా.

"మరి నువ్వేం చేశావే?"

"తలుపు దగ్గర నిలబడ్డాను నానమ్మా. నా డ్యూటీ అదే."

"తలుపు దగ్గర నిలబడేవాళ్లకి నోరుండకూడదని రూలా?"

"చేరి ఏడాది కాలేదు. ఇంకా పర్మనెంటు చేయలేదు. నోరు పర్మనెంటయ్యాక వస్తుందట, సీనియర్లు చెప్పారు."

కోడలు నవ్వింది. నేను నవ్వలేదు. నవ్వితే ఈ ఇంట్లో మాటలు పెరుగుతాయి.

నాకు ఆ తాళాలాయన మీద ప్రత్యేకమైన అభిమానమేమీ లేదు. నోరు మంచిది కాదు. క్రితంసారి "మీ తాళానికి జబ్బు లేదు టీచరమ్మా, మీ చేతికే తొందర" అన్నాడు. నాకు కావలసింది బీరువా తెరుచుకోవడం.

జూన్ 6, శుక్రవారం

కమిటీ మీటింగు. పోయినవారం కట్టిన చీరే కట్టుకెళ్లాను. అడితాయన గమనించాడు. అది నేను గమనించడం ఆయనా గమనించాడు.

మీటింగులో చర్చించిన అంశం, వీధిలో కుక్కలు. అది అయ్యాక అడిగాను. "ఇన్‌స్పెక్టరుగారూ, ఎవరూ ‘మావాడే’ అనని మనిషిని ఏం చేస్తారు?"

"అలా ఇంతవరకూ జరగలేదు మేడమ్. ప్రతివాడూ ఎవరో ఒకరివాడు అయ్యే ఉంటాడు కదా."

"ఇప్పుడు జరిగింది."

"జరిగింది. అందుకే సోమవారం కోర్టులో పెట్టి జైలుకి పంపించేస్తున్నాం. ఇక్కడెన్నాళ్లని ఉంచుకుంటాం?"

"సాక్ష్యం?"

"తాళం విరగలేదు కదా మేడమ్." చిన్నపిల్లకి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. "అంతకన్నా ఏం కావాలి?"

బేకరీ ఆయన తలూపాడు. ఆయన ఎప్పుడూ ఊపుతాడు. పిండి కలిపి కలిపి మెడ ఆ లయకి అలవాటు పడింది.

వచ్చేటప్పుడు ఊచల గది ముందు నుంచి నడిచాను. తాళాలాయన నేల మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతి వేళ్లు వాచి, రెండు గోళ్లు నల్లబడి ఉన్నాయి. తలుపు తగిలిందని హెడ్ కానిస్టేబులు చెప్పాడు. ఆ స్టేషన్‌లో తలుపులు మనుషుల్ని చూసి తగులుతాయి కాబోలు. మనవాళ్లకి ఎప్పుడూ తగల్లేదు.

"టీచరమ్మా, మీ బీరువా..." అన్నాడు.

"తొందరేం లేదు" అన్నాను.

మనవరాలు తలుపు దగ్గర నిలబడి ఉంది. నా వైపు చూడలేదు.

ఆ వేళ్లతో సన్నటి తీగ పట్టుకోవాలి అతను. అదొక్కటే అతనికి వచ్చిన పని. అంటే నా బీరువా సంగతి ఆలోచిస్తున్నాను.

జూన్ 7, శనివారం

కాంట్రాక్టరు భార్య పంచదార కావాలని వచ్చింది. గిన్నె తేలేదు.

కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడి, పైకి ఓసారి చూసి, గొంతు తగ్గించింది. "తాళం వేశాననే అనుకున్నాను పెద్దమ్మగారూ. కింద కారులో ఆయన హారను కొడుతూనే ఉన్నారు. తలుపు దగ్గరికి లాగి పరిగెత్తాను. తాళంచెవి చేతిలోనే ఉంది. వేసిన గుర్తు లేదు."

"గుర్తు లేదా, వేయలేదా?"

"వేయలేదు."

"ఆయనకి చెప్పావా?"

"మీకు తెలీనిదేముంది ఆయన సంగతి."

తెలుసు. ఈ మెట్ల మీద ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆయన కోపమొచ్చిన రోజున మా ఇంట్లో టీవీ గొంతు పెంచుతాం. పెంచేది నేనే.

పంచదార కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాను. ఆమె ఏమీ చెప్పలేదు. నేను ఏమీ వినలేదు.

రాత్రి మనవరాలు, "పైనుంచి ఆవిడెందుకు వచ్చింది?" అని అడిగింది.

"పంచదారకి."

"వాళ్లింట్లో అందరికీ షుగరు కదా నానమ్మా?"

పోలీసు ఉద్యోగం పిల్లల్ని పాడుచేస్తుంది.

జూన్ 8, ఆదివారం

పొద్దున కోడలు కుట్టుమిషను నూనె చుక్క వేసి, చెవి అటూ ఇటూ తిప్పి, బీరువా తెరిచేసింది. "ఇంత దానికా అత్తయ్యా, వారం నుంచీ గోల?" అంది.

మళ్లీ మూసెయ్యమన్నాను. నాకు తాళాలాయన వచ్చి చూస్తేనే తృప్తి.

కోడలు నా మొహం చూసి, మారు మాట్లాడకుండా మూసేసింది. ఇరవై ఆరేళ్ల కాపురంలో మారు మాట్లాడకుండా ఊరుకోవడం ఇదే మొదలు.

సాయంత్రం తాళాలాయన భార్య దిండు గలీబులు కుట్టి తెచ్చింది. గురువారం ఇవ్వాల్సినవి. ఆలస్యమైనందుకు క్షమించమంది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

"మా ఆయన మంచివాడని నేను చెప్పను టీచరమ్మా. పెద్దంతరం చిన్నంతరం లేకుండా మాట్లాడతాడు. కానీ ఆ మంగళవారం మధ్యాహ్నమంతా షాపులోనే ఉన్నాడు. నాతో పోట్లాడుతున్నాడు. వీధి వీధంతా విన్నారు."

"స్టేషన్‌లో చెప్పావా?"

"చెప్పాను. పెళ్లాం మాట చెల్లదన్నారు. పోనీ వీధిలో అడగండయ్యా అన్నాను. ఆ వీధికి పెద్ద ఎవరు అన్నారు. మా వీధిలో అన్ని రకాలవాళ్లూ ఉంటారు, పెద్దంటూ ఎవరూ లేరన్నాను. అయితే ఎవరిని అడగాలమ్మా అన్నారు."

"దేనికి పోట్లాడుకున్నారు?"

"కిటికీ తీసి ఉంచాలా, మూసి ఉంచాలా అని."

"తీసి ఉంచాలి."

"ఆయనా అదే అంటాడు" అంది ముక్తసరిగా. గలీబుల కుట్టు బాగుంది.

ఆలోచించాను. రెండు దారులున్నాయి. ఒకటి, పంచదార సంగతి చెప్పడం. రెండోది, రేపు వెళ్లి కుర్చీలో కూర్చుని, టీ తాగి, "మావాడే" అనడం. రెండోది తేలిక. ఎవరి కాపురమూ కదలదు, పద్ధతికి పద్ధతీ దక్కుతుంది, నా బీరువా తెరుచుకుంటుంది. బీరువా విషయం పైన రాశాను, అది వేరు.

నిద్రపోయే ముందు మనవరాలు నా మంచం మీద కూర్చుంది.

"నానమ్మా, నీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుస్తుంది, కరెంటు పోయే వేళలు తప్ప."

"తెలిస్తే నాకు చెప్పాలి. కమిటీకి కాదు, నాకు."

"నువ్వు తలుపు దగ్గర నిలబడేదానివి కదా."

లేచి వెళ్లిపోయింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాను.

జూన్ 9, సోమవారం

ఇవాళ్టిది వరసగా రాస్తాను.

నేను వెళ్లేసరికి అడితాయనా బేకరీ ఆయనా వచ్చి ఉన్నారు. కాంట్రాక్టరు కంప్లయింటు మీద సంతకం చేయడానికి వచ్చాడు. సామాను గుర్తుపట్టాల్సొస్తే ఆడవాళ్లకే తెలుస్తుందని భార్యనీ తెచ్చాడు. ఆమె నన్ను చూసి నేల చూసింది. తాళాలాయన బల్ల మీద, పక్కన అతని భార్య. మనవరాలు తలుపు దగ్గర.

టీ వచ్చింది. తాగాను. గ్లాసు కింద పెట్టి, "మావాడే" అన్నాను.

ఇన్‌స్పెక్టరు చుట్టూ చూశాడు. "ఎవరు మేడమ్?"

"ఆ బల్ల మీద కూర్చున్నాయన."

కాంట్రాక్టరు లేచాడు. "ఏంటండీ ఇది? దొంగతనం జరిగింది నా ఇంట్లో! మనవాళ్ల కుర్చీలో కూర్చుని మనవాళ్లకి వ్యతిరేకంగా చెప్తారా? వాడు మనవాడెలా అవుతాడు?"

"నాకు కావలసినవాడు. బీరువా ఉంది."

"బీరువా ఏంటి?"

"మూసుకుపోయింది."

అడితాయన దగ్గాడు. బేకరీ ఆయన తలూపడం ఆపేశాడు, ఎటు ఊపాలో తెలియక. ఇన్‌స్పెక్టరు మాత్రం, చెప్పకపోతే పాపం, తేలికపడ్డాడు. అతని పద్ధతి మళ్లీ నిలబడింది. "మేడమ్ అన్నారు కాబట్టి..." అని కాగితం లాక్కున్నాడు.

అప్పుడు తాళాలాయన నోరు విప్పాడు.

"నేను ఆవిడవాణ్ణి కాను."

అందరం అటు తిరిగాం.

"నేను ఎవరివాణ్ణీ కాను. అలా ఉండాలనే అందరినీ వదులుకుని పెళ్లి చేసుకున్నాను. ఇప్పుడు ఇంకెవరిదో ముద్ర వేయించుకుని బయటికి రమ్మంటారా? దొంగతనం చేయలేదని పంపిస్తే వెళ్తాను. లేకపోతే కోర్టులోనే చెప్పుకుంటాను."

"ముందు బయటికి రా" అంది అతని భార్య పళ్లు బిగించి. "ఎవరివాడివో ఇంటికెళ్లాక తేల్చుకుందాం."

"ఇప్పుడే తేలాలి."

"కిటికీ దగ్గర కూడా ఇంతే! కిటికీ దగ్గర కూడా ఇలాగే అన్నావు!"

నాకు నిజంగా ఒళ్లు మండింది. పెద్దదాన్ని, తగుదునమ్మా అని వచ్చి, ఎంగిలి గ్లాసులో టీ తాగి, అందరిలో ఒక మాట అంటే, అక్కర్లేదంటాడా? అక్కర్లేదనే అన్నాడు. అలా అనడానికి అతనికి హక్కు ఉంది. అదే ఇంకా మండించింది.

"అయితే కోర్టుకే" అని ఇన్‌స్పెక్టరు ఆ కాగితం పక్కన పెట్టి ఇంకో కాగితం లాక్కున్నాడు. హెడ్ కానిస్టేబులు వచ్చి తాళాలాయన భుజం పట్టుకున్నాడు. అతను లేవడానికి కుడిచేయి బల్ల మీద ఆనించి, ఆ నొప్పికి మళ్లీ కూలబడ్డాడు. గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది, అంతే.

తేలికైన దారి అయిపోయింది.

"ఆ తాళం ఎవరూ తెరవలేదు" అన్నాను. "తలుపు తాళమే వేసి లేదు. మంగళవారం మధ్యాహ్నం నేను పైకి వెళ్లాను, పేపరు కోసం. తోస్తే తలుపు తెరుచుకుంది. ఎవరూ లేరని మళ్లీ దగ్గరికి లాగి దిగొచ్చేశాను."

నేను మెట్లెక్కి రెండేళ్లయింది. మోకాళ్లు. కానీ ఆడపిల్లలకి నిజం చెప్పడం నేర్పుతూ జీతం తీసుకున్నదాన్ని. అబద్ధం తడుముకోకుండా ఎలా చెప్పాలో వాళ్లే నాకు నేర్పారు.

కాంట్రాక్టరు ఎర్రబడ్డాడు. "నా ఇంట్లో తాళం వేయకుండా వెళ్లడమా? ఎవరు వేయలేదు? ముసలావిడకి మతి పోయింది సార్!"

ఇన్‌స్పెక్టరు నన్ను అనుమానంగా చూశాడు. "అంటే ఆ టైములో ఆ ఇంటి గుమ్మం దగ్గర మీరున్నారన్నమాట."

"ఉన్నాను."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు మేడమ్?"

దానికి నా దగ్గర అబద్ధం తయారుగా లేదు. అప్పుడు కాంట్రాక్టరు భార్య, గోడని చూస్తూ, మామూలు గొంతుతో అంది.

"మా ఇంట్లో పేపరు వేయించుకోమండీ."

ఎవరికీ అర్థం కాలేదు. నాకు అయింది. మనవరాలికి అయిందని దాని కళ్లు చెప్పాయి.

"పెద్దమ్మగారు రాలేదు. పేపరూ లేదు, ఏమీ లేదు. నా కోసం అబద్ధమాడుతున్నారు. తాళం వేయనిది నేను. తలుపు లాగి పరిగెత్తాను. ఈయన హారను కొడుతున్నారని." మొగుడి వైపు తిరగలేదు. "శనివారం పెద్దమ్మగారికి చెప్పాను. ఈయనకి చెప్పడానికి భయమేసి, ఆ అబ్బాయి వేళ్లు అలా..." అక్కడితో ఆపేసింది.



కాంట్రాక్టరు నోరు తెరిచాడు. ఇంట్లో అయితే టీవీ పెంచాల్సిన క్షణం. ఇక్కడ ఇందరి ముందు ఏం చేయాలో తెలియక మళ్లీ మూశాడు.

ఇన్‌స్పెక్టరు చాలాసేపు ఆలోచించాడు. అలవాటు లేని పని, చూడలేకపోయాను. చివరికి, "సరే, తాళం వేయలేదు. కానీ ఇతన్ని మావాడే అన్నవాళ్లు మాత్రం లేరు కదా? ఎలా వదలను?" అన్నాడు.

"సార్."

తలుపు దగ్గర నుంచి. అందరం మెడలు తిప్పాం.

"తాళం తెరిచాడనే కదా సార్ పట్టుకొచ్చాం. తెరవడానికి తాళమే లేదు. ఇక అతని మీద ఏమీ లేదు. ఎవరో ఒకరు మావాడే అనాలని చట్టంలో ఎక్కడా లేదు సార్."

"నీకెలా తెలుసు?"

"పరీక్షకి చదివాను సార్. ఇంకా మర్చిపోలేదు."

హెడ్ కానిస్టేబులు చేయి తాళాలాయన భుజం మీద నుంచి దానంతటదే జారింది.

అలా అతను బయటికి నడిచాడు. ఆ స్టేషన్ నుంచి ఎవరివాడూ కాకుండా ఇంటికి వెళ్లిన మొదటి మనిషి. నాకు దండం పెట్టలేదు. గుమ్మం దాటాక భార్యతో, "చూశావా?" అన్నాడు. "చూశాలే, నడువు" అంది ఆమె.

నా అబద్ధం సంగతి ఏం చేద్దామని ఇన్‌స్పెక్టరు అడిగాడు. "మతిమరుపు" అన్నాను. "వయసు." డెబ్బై దాటాక కనీసం ఒకసారైనా దాన్ని వాడుకోవాలి.

జూన్ 10, మంగళవారం

కాంట్రాక్టరు భార్య రాత్రి మా ఇంట్లోనే పడుకుంది. తోడుగా ఉండమన్నామనీ, నడుము నొప్పనీ పైకి కబురు పంపాం. ఎవరి నడుమో చెప్పలేదు.

శనివారమే చెప్పి ఉంటే అతని వేళ్లకి మందు రెండు రోజుల ముందే పడేది. కోడలు ఈ మాట అనలేదు. మనవరాలూ అనలేదు. ఇద్దరూ అనకపోవడం నాకు వినబడుతూనే ఉంది.

జూన్ 13, శుక్రవారం

మతిమరుపు మనిషికి కమిటీ ఎందుకన్నారు, మనవాళ్ల కుర్చీ ఇప్పుడు కాంట్రాక్టరుది. కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. నేను కూడా చేయెత్తాను. ఇన్నాళ్లకి తను కోరుకున్నది దొరికింది, ఇంట్లో కాస్త తగ్గుతాడేమో. తగ్గకపోతే కింద మేం ఉన్నాం. టీవీ గొంతు ఇక పెంచం, తగ్గిస్తాం. వింటున్నామని తెలియాలి.

తాళాలాయన వచ్చాడు, చేతికి కట్టుతో. ఎడంచేత్తో బీరువా తెరిచాడు. తాళంలో వేలు పెట్టి వాసన చూశాడు.

"మిషను నూనె. కొత్తది. ఇది ఎప్పుడో తెరుచుకుంది టీచరమ్మా."

"అలాగా."

"దీనికోసమేనా స్టేషన్‌కి వచ్చారు?"

"మరి దేనికి?"

నూనె వేలు తుడుచుకుంటూ, "మావాడే అన్నందుకు కోపం పోలేదు" అన్నాడు. "వచ్చినందుకు లేదు." టీ ఇస్తే తాగాడు. వేళ్లు ఎప్పటికి వంగుతాయో డాక్టరు చెప్పలేదట. అంతవరకూ తాళంచెవులు భార్యే అరగదీస్తోంది, అతను పక్కన కూర్చుని తప్పులు పడుతున్నాడు. అదొక పోట్లాట. కిటికీ తీసే ఉంటోంది, వీధంతా వింటోంది.

దొంగ ఎవరో ఇంకా తెలీదు. ఎవరివాడో కూడా తెలీదు.

జూన్ 17, మంగళవారం

మనవరాలిని పర్మనెంటు చేయడం వాయిదా వేశారు. పైగా శిక్ష. "అంత చట్టం తెలిసినదానివి, తలుపు దగ్గర నీకేం పని? వీధులన్నీ నడిచి ఇంటింటికీ వెళ్లి ఆ దొంగెవడో నువ్వే కనుక్కో" అన్నాడట ఇన్‌స్పెక్టరు. జీపు ఇవ్వరు.

పోలీసు చేయాల్సిన పనిని పోలీసుకి శిక్షగా వేయడం నేను ఇదే వినడం. దానికి చెప్పలేదు, ఏడ్చి ఉంది.

జూన్ 19, గురువారం

ఇవాళ ఎవరూ తలుపు తీయలేదట.

జూన్ 20, శుక్రవారం

ఇవాళా తీయలేదు.

జూన్ 25, బుధవారం

అన్నం ముందు కూర్చుని తినకుండా చెబుతూనే ఉంది. అడితాయన వీధిలో సగంమంది ఆయన్ని ఎప్పుడూ పెద్ద అనుకోలేదట. "ఆయన మా పెద్దని మాకెవరూ చెప్పలేదమ్మా" అన్నారట. కొండవైపు వీధిలో ఒక ముసలావిడ ఇవాళ కూర్చోమందట. రెండు భాషలు కలిపి, మిగతాది చేతులతో, కుళాయి తగాదా అంతా చెప్పిందట.

"దొంగ సంగతి అడిగావా?"

"అడిగాను. ముందు కుళాయి సంగతి చూడమంది."

"చూశావా?"

"నీళ్లాఫీసుకి వెళ్లి గంటసేపు నిలబడ్డాను. రేపు మనిషిని పంపుతారు."

"అది పోలీసు పనేనా?" అంది కోడలు.

"కుళాయి బాగయ్యాక ఆవిడ చెప్పేదే పోలీసు పని అమ్మా. దొంగతనం జరిగిన మంగళవారం మధ్యాహ్నం టీవీ మోసుకెళ్తున్న మనిషిని చూసిందట. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదట. కుళాయి వచ్చాక మొహం ఎలా ఉందో చెప్తానంది."

"బేరమా?"

"కాదు నానమ్మా. నేను మళ్లీ వస్తానా రానా అని చూస్తోంది."

తర్వాత మాట్లాడుతూ మాట్లాడుతూనే కుర్చీలో నిద్రపోయింది. బూట్లు విప్పింది కోడలే. ఎడమదాని అడుగు అరిగి చిల్లు పడింది. లోపల అట్టముక్క పెట్టుకుని నడుస్తోంది, మాతో చెప్పకుండా.

రేపటికి: అది లేవకముందే బూట్లు తీసుకుని కొండవైపు వీధి మొదట్లో ఉన్న చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి వెళ్లాలి. కోడల్ని తోడు తీసుకెళ్లు, మోకాళ్లు. రెండింటికీ కొత్త అడుగు వేయించు, ఒక్కదానికే వేయిస్తే నడక కుంటుతుంది. రబ్బరుదే వేయమను, మడమకి మేకులొద్దు. మెట్ల మీద చప్పుడైతే, వచ్చేది పోలీసని తలుపు తట్టకముందే తెలిసిపోతుంది, తీసేవాళ్లు కూడా తీయరు. అయ్యేదాకా అక్కడే కూర్చో. ఎనిమిదింటికల్లా గుమ్మం దగ్గర పెట్టెయ్యి.